గురి

ఆరు కాకముందే బంకర్ తలుపు తీశాను.
శ్రీకాకుళం ఇంకా ఆవలిస్తోంది.
మనిషి పడుకునే బల్ల మీద
మిరియపు గింజంత ఉక్కు గుండు.
లేజర్ గీతలు దాని నెత్తిన కలిశాక
మిషన్ చుట్టూ తిరిగి కాల్చింది.

ఫిల్ము మీద నల్లటి చట్రంలో తెల్ల చుక్క,
నడిమికి ఒకటిన్నర మిల్లీమీటర్ ఎడం.
నిన్న లేదు.
తప్పు నా చేతిదేనేమోనని గుండుని మళ్లీ పెట్టాను.
మళ్లీ అంతే.

బయట బెంచీ మీద గొర్లె అసిరమ్మ,
సంతబొమ్మాళి నుంచి మొదటి బస్సుకి దిగింది.
"ఏటి బాబూ, మిషనింకా లెగనేదా?"
మాట సగం ముక్కులోంచే వస్తుంది.

నలభై ఏళ్లు అడ్డపొగ.
నిప్పుకొసని నోట్లోకి తిప్పుకుని
ఉభాలు ఊడ్చింది, కోడళ్లని తిట్టింది,
ఒక్కనాడూ నాలిక చుర్రుమనలేదు.
అంత గురి ఏ మిషనుకుంది?
అయినా అంగిట్లో ఒక చోటు
ఆ వేడినంతా లెక్క రాసుకుంది.
ఇప్పుడు అక్కడికే నేనూ నిప్పు పంపాలి.
కాస్త పైనే కన్ను.

"ఇవాళ కాదమ్మా. ఇంజినీరు విశాఖ నుంచి రావాలి."
"తప్పితే ఎంత తప్పుతాది?"
రెండు గోళ్ల మధ్య సందు చూపించాను.
ఒక కన్ను మూసి, అందులోంచి ట్యూబులైటుని చూసింది.
"ఇంతేనేటి?"
చెయ్యి చెవి వెనక్కి పోయింది,
అక్కడ లేని చుట్ట కోసం.