మూడు పిడికిళ్ళు

సాయంత్రం ఆరింటికి జుల్మీరా
బల్లల మీద తోలు పరుస్తుంది.
పోర్చుగల్ కొండల్లో ఈ మఠం నుంచి
సన్యాసులు పోయి నూట తొంభై ఏళ్ళు.
వాళ్ళ నౌకర్లు మాత్రం పోలేదు:
అలమర తలకట్టు వెనక నుంచి గబ్బిలాలు లేస్తాయి,
చీకటిని దువ్వుకుంటూ తిరుగుతాయి,
అట్టల్లో పుట్టిన పురుగుల్ని
రెక్కల మీదే తినేస్తాయి.
జీతం లేదు, పింఛను లేదు.
పొద్దున్నే వాటి రెట్ట ఊడ్చే జుల్మీరాకి జీతం ఉంది,
రెండు నెలలు ఆలస్యంగా.

నేను కింద గదిలో, ఉత్తరపు కిటికీ పక్కన
గోధుమ గంజితో, ఎముక బద్దతో,
జపాను నుంచి వచ్చిన మల్బరీ కాగితంతో ఉంటాను.
ఊపిరి తగిలితే లేచిపోయే కాగితం.
తుమ్ము వస్తే తల తిప్పడం
ఈ విద్యలో మొదటి పాఠం.

ఈ చలికాలమంతా ఒకే పుస్తకం.
రోగుల్ని చూసుకున్న ఎవరో సన్యాసి
చేత్తో రాసుకున్న మందుల చిట్టా.
సిరా కొన్నిచోట్ల కాగితాన్ని కాల్చేసింది,
ఒత్తి రాసిన మాట దగ్గరే చిల్లి పడింది.
మనుషుల్లోనూ అంతేనని అనబోయి ఊరుకున్నాను.

తక్కినదంతా పురుగు పని.
ముందు అట్టలో దూరి
చలిజ్వరం, పంటిపోటు, పాముకాటు దాటి
నూట పన్నెండో పుటలో బయటపడింది.
ఏ పండితుడూ ఈ పుస్తకాన్ని
ఒక్క పుట వదలకుండా ఇలా చదవలేదు.
తూర్పు దేశం నుంచి వచ్చిన పాఠకుడొకాయన
వాళ్ళ శాస్త్రాల్లో దీనికో న్యాయమే ఉందన్నాడు:
పురుగు తొలిచిన గీత
తనకి తెలియకుండా అక్షరమైతే అది ఘుణాక్షరమట.
ఇక్కడ తిరగబడింది.
అక్షరమే తనకి తెలియకుండా
పురుగు దారి అయింది.

నలభై ఏడో పుట, దగ్గుకి కషాయం.
రెండు దోసిళ్ళ నీళ్ళు, గరిటెడు తేనె,
మూడు పిడికిళ్ళు...
ఆ తర్వాత చిక్కుడుగింజంత కన్నం.
అంచున ఒక తోక మిగిలింది,
ఏ అక్షరానిదైనా కావచ్చు.
కొలత బతికింది, వస్తువు పోయింది.

పని నేర్పిన ఎర్మెలిండా చెప్పేది:
కన్నం పూడ్చు, మాట పూడ్చకు.
అతుకు చేతికి తెలియకూడదు, కంటికి తెలియాలి.
రేపెవరైనా కాస్త తడితో
నీ పనంతా విప్పేయగలగాలి.
ఈ ఆఖరి నియమాన్ని ఆవిడ
కాపురంలోనూ పాటించింది.

చీపురు గోడకానించి జుల్మీరా
నా భుజం మీంచి చూసి పకపకా నవ్వింది.
"ఇదీ తెలియదా? సదాపాకు!
మా అమ్మ మూడు పిడికిళ్ళే వేసేది.
నోరు విషం, దగ్గు మాయం."

నా కుంచె ఆగింది.
గిన్నెలో గంజి మీగడ కట్టింది.
సిరా ఉంది. ఆ సన్యాసి వాలు చేతిరాత
నాలుగు నెలల్లో నా వేళ్ళకి పట్టుబడింది.
ఒక్క మాటే. ఎవరికీ తెలియదు.

మల్బరీ కాగితం చింపాను
(కత్తిరించకూడదు, చింపాలి,
అంచున లేచే నూగే దాని పట్టు).
కన్నానికి సరిపడా మబ్బుతునక.
ఖాళీగానే అతికాను.

పుస్తకంతో పాటు పెట్టెలో ఉండే చీటీ మీద
పెన్సిలుతో రాశాను, చెరపడానికి వీలుగా:
పుట 47. సదాపాకు అని జుల్మీరా అంటోంది.
ఆమె చేతులు తుడుచుకుని చీటీ చదివి
ఇంటిపేరు కూడా రాయించుకుంది.

మర్నాడు పొయ్యిలోకి కట్టెలు తెచ్చిన ఎవరిస్తు,
వాగు అవతలి ఊరివాడు,
"సదాపాకా? పిల్లల్ని చంపుతారా!
అది సోంపు" అన్నాడు.
అదీ రాశాను.
ఇద్దరికీ ఇప్పుడు మాటల్లేవు.

ఆరయింది.
పైన తోలు పరుస్తున్న చప్పుడు,
ఇవాళ కాస్త కోపంగా.
గబ్బిలాలు లేచాయి.
చీటీలో ఇంకా మూడు గీతలు
ఖాళీగా ఉన్నాయి.