తొలకరి తర్వాత తుగ్గలి

కర్నూలు పెద్దాసుపత్రి పాత బ్లాకులో
మెట్ల కింద గది నాది.
మందిచ్చేవాణ్ణి కాదు.
మందు పనిచేసిందో లేదో లెక్క చూసేవాణ్ణి.

గడువు నాలుగు రోజులుందనగా
డాక్టర్ శేషఫణి వచ్చినాడు,
చంకలో ల్యాప్‌టాప్, చేతిలో ఉగ్గాని పొట్లం.
"ఎట్లైనా తేలాల సార్."

మోకాళ్ల నొప్పికి కొత్త మాత్ర. నూట నలభై మంది.
సగం మందికి మాత్ర,
సగం మందికి మాత్రలాంటిది.
మొత్తమ్మీద తేడా కనపడలేదు.
"అయితే తేడా లేదని రాసేద్దునా?"
అమాస రాత్రి హంద్రీలో దిగి
గులకరాయి కనపడలేదంటే
హంద్రీలో రాళ్లు లేవనా నాయనా?

ఆ మాట వాడికి రుచించలేదు.
మగవాళ్లను విడిగా చూసినాడు, ఆడవాళ్లను విడిగా.
ఆదోని వాళ్లు, ఆళ్లగడ్డ వాళ్లు,
చక్కెర ఉన్నోళ్లు, లేనోళ్లు,
కుడి మోకాలు, ఎడమ మోకాలు.
ఇరవయ్యో కోతలో తగిలింది:
నలభై ఐదు దాటిన ఆడవాళ్లు, ఎడమ మోకాలు,
సున్నా పాయింట్ సున్నా నాలుగు.
"పడింది సార్!"

ఆ అరుపు నాకు తెలుసు.

మాది తుగ్గలి పక్క పల్లె.
తొలకరి ఎర్రమన్ను కడిగినాక
ఊళ్లకు ఊళ్లు చేన్లలోకి దిగుతాయి, వజ్రాలకు.
సద్దిమూట, నీళ్ల క్యాను, వంగిన నడుములు.
ఎవనికో ఒకనికి దొరుకుతుంది.
సాయంత్రానికి వాని పేరు గుత్తి దాకా పోతుంది.
ఏ కాలు ముందు పెట్టి దిగినాడో
ఏ దేవునికి మొక్కినాడో
టీ బంకుల్లో చెప్పుకుంటారు.
మా మేనత్త సుంకులమ్మ ముప్పై ఏండ్లు వెతికింది.
ఆమె ఫోటో ఏ పేపర్లోనూ పడలేదు.

"ఇరవై చేన్లు తొక్కినావు శేషఫణీ.
ఒట్టి మట్టిలోనైనా
ఇరవైకి ఒకటి చొప్పున ఏదో తళుక్కుమంటుంది.
గాజుపెంకు కూడా ఎండకు మెరుస్తుంది."

వాడు ఊరుకోలేదు.
"నాలుగు శాతమే కదా సార్ తప్పయ్యేది?
తొంభై ఆరు శాతం మందు పనిచేసినట్టే కదా?"

అందరూ అడిగేదే. ప్రొఫెసర్లూ అడుగుతారు.
ఉద్యోగంలో చేరిన కొత్తలో
సుద్దముక్క పట్టుకుని నేనూ అట్లే చెప్పినాను.
అది రాసుకుపోయిన పిల్లలు
ఇప్పుడు ఎన్ని ఊర్లలో మందు చీటీలు రాస్తున్నారో.

"మందు ఒట్టిదే అనుకో," అన్నాను.
"అట్లనుకుంటే
ఇంత తేడా, ఇంతకు మించిన తేడా
ఎంత అరుదుగా పడుతుందో
అదొక్కటే ఆ అంకె చెప్పేది.
మందు ఒట్టిదా కాదా అని దాన్ని మనం అడగనే లేదు.
అడగని ప్రశ్నకు జవాబు చెప్పించుకుంటున్నాము."

పట్టిక కిందికి జరుపుతుంటే
ఒక గడి దగ్గర వేలాగింది.
యాభై రెండో నంబరు. మద్దిలేటమ్మ. ఊరు జొన్నగిరి.
మూడో నెల: రాలేదు.
ఇట్లాంటివాళ్లు పదిహేడు మంది.
లెక్కలోంచి తీసేసినాడు, సులువుగా,
బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు.

నొప్పి పోయిందని రాలేదో
నొప్పితో బస్సెక్కలేక రాలేదో
బస్సుకే డబ్బుల్లేవో.
ఖాళీ గడి సున్నా కాదబ్బీ.

"అయితే ఏమని రాయాల?"
"తేలలేదని రాయి.
పదిహేడు మంది ఏమైనారో తెలీదని రాయి."
"మా గైడు ఒప్పుకోడు సార్."
ఒప్పుకోడు. నాకూ తెలుసు.
చల్లారిన ఉగ్గాని ఇద్దరం తిన్నాము,
మిరపకాయ బజ్జీ వానికే వదిలినాను.

బయట మబ్బు పట్టింది. పడమటి దిక్కు
అప్పటికే తడిసినట్టుంది.
ఏమనుకున్నాడో, వాడే ఫోను తీసి
యాభై రెండో నంబరుకు కలిపినాడు.
చానాసేపటికి ఎత్తింది. గాలి, జనం గోల.
"చేన్లో ఉండా నాయనా, వాన పడింది కదా,
మళ్లా చెయ్యి."
"అమ్మా, మోకాలు..."
తెగిపోయింది.

ఆ గడి మీద పెన్సిలు ఆనించి
శేషఫణి ఎంతసేపు కూర్చున్నాడో
నేను లెక్కపెట్టలేదు.