నీళ్ల బండి

సాల్మీ రోడ్డు మీద
నాది నీళ్ల బండి.
మూడు వేల గ్యాలన్లు, ముందటి అద్దానికి ఒక పగులు,
తొమ్మిదేండ్లు.
దూరంగ నన్ను జూసి ఖేమాలల్ల పోరగాండ్లు
"మాయి! మాయి!" అని ఉరుకొస్తరు.
మాయి అంటే ఈడ నీళ్లు.
రాజనర్సు అని నాకో పేరున్నట్టు ఒక్కలకు ఎర్కలేదు,
నన్ను గూడ మాయి అనే పిలుస్తరు.

జనవరి ఇరవై రెండో, మూడో.
అబూ మత్లక్ మంద కాడ ట్యాంకు ఖాళీ జేసి
పైపు సుడుతాంటె
ఉత్తరం దిక్కు నల్లగైంది.
సూడాను కాపరి బాబికిర్ ముక్కు పైకెత్తి
గాలి వాసన జూసిండు. ఏమనలే.
గొర్లన్ని ఒకదాని కడుపు కింద ఒకటి
తలలు దూర్చినయ్.

మొదలు దుమారం.
తర్వాత సన్నగ, సూదులోలె వాన.
తర్వాత రాళ్లు.
మా దిక్కు రాళ్లవాన వడితే
మామిడికాయ రాల్తది, ఎవలో ఒకలు ఏరుకుంటరు.
ఈడ రాలెతందుకు ఏమున్నది?
రేకులు, ఖేమా బట్ట, జీవాలు.

గాలికి మరుగైతదని
పల్లంల ఏసిండ్రు మంద.
పల్లం వాగైంది.
ఎన్నేండ్ల కిందటి వాగో, తన తొవ్వ మర్వలే.

ఖాళీ బండి గాలికి ఊగుతాంది.
నిండుగ నీళ్లుంటే గింత ఊగకపోవు.
గది యాదికొచ్చి నవ్వొచ్చింది,
పండ్లు టకటక కొట్టుకుంటాంటె.

క్యాబిన్ల జాగ ఎంత?
సూడి గొర్రె ఒకటి, పిల్లలు ఐదు,
ఆయన, నేను.
ఆరోదాన్ని బాబికిర్ ఎత్తి అందియ్యవోతె
జాగ లేదన్న.
ఆయన దించి, ఎక్కిండు.
నేను తలుపు ఏసిన.
డెక్కలు తలుపుకు గీకుడు
కొంచెంసేపు ఇనవడ్డది.

హీటరు కోసం ఇంజను బందు జెయ్యలే.
డీజిలు ముల్లు కిందికి, ఇంకా కిందికి.
మబ్బుల నాలుగింటికి సూడి గొర్రె
గేరు రాడు పక్కన ఈనింది.
బాబికిర్ తన తలరుమాలు తీసి పిల్లను తుడ్సిండు.
మాయ నా చెప్పుల మీద వడ్డది, యెచ్చగ.
ఆ రాత్రి మొత్తంల యెచ్చటిది అదొక్కటే.

తెల్లారంగ ఇసుక తెల్లగుంది.
జీవాలు నిలవడ్డవి నిలవడ్డట్టే కట్టెలైనయ్.
అబూ మత్లక్ వచ్చి లెక్కవెట్టిండు,
నూటా పదకొండు దాకా వేళ్ల మీద,
తర్వాత వేళ్లు జేబుల పెట్టుకున్నడు.
పట్నంకెల్లి కార్లచ్చినయ్.
రాళ్లు దోసిట్ల పట్టుకొని ఫోటోలు దిగిండ్రు పిల్లలు.
తప్పనలేను. ఆళ్లు ఎన్నడు జూసిండ్రు?

ముసలాయన నా దిక్కు తిరిగి
ఒక్కటే మాట అన్నడు:
"మాయి."
సుట్టూ మోకాల్లోతు నీళ్లే.
పెంట నీళ్లు, సచ్చినవాటి నీళ్లు.
మిగిలినవి తాగాలె గద.

కంపెనీ ఆ వారం రేటు పెంచింది.
నేను చీటీల పాత రేటే రాసిన,
తక్కువైంది నా జీతంల కోసిండ్రు.
ఆరోదాని బాకీ గిట్ల తీరుతదా అంటె
తీరది.

ఫిబ్రవరిల సాల్మీ అంత మొలిసింది,
మడిమెలు మునిగేంత గడ్డి.
గేరు రాడు పక్కన పుట్టింది గెంతుతాంటె
బాబికిర్ ఫోనుల చూపెట్టిండు.
దానికి నీ పేరే పెట్టిన అన్నడు.
ఏ పేరు అని
నేను అడుగలే.