బేగి

పదకొండు దాటింది.
డే అండ్ నైట్ జంక్షన్లో మందుల షాపు షట్టరు సగం దిగింది.
మా ల్యాబులో మోటారు ఇంకా తిరుగుతోంది.
నా ఎడమ అరచేతిలో కొర్రాయి దాలమ్మ కింది దవడ,
రాతిపిండిలో పోసిన అచ్చు,
అందులో నాలుగు మరల తలలు.

అసలు దవడ పక్క వీధి లాడ్జిలో
చెంపకి ఐసు ముక్క ఆనించుకుని పడుకుని ఉంటుంది.

మధ్యాహ్నం మరలు బిగించి డాక్టరు గారు చెప్పారు:
"ఇదివరకైతే ఆర్నెల్లు బోసినోటితో ఉండమనేవాళ్లం.
ఇప్పుడు రేపు సాయంత్రానికే పళ్లు."
దాలమ్మకి నమ్మకం చిక్కలేదు.
"అంత బేగేఁ?" అంది,
కొంగు నోటి మీంచి తియ్యకుండా.

రంగుల పట్టీ తెచ్చి విసనకర్రలా విప్పాను.
పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు
పప్పు ఏరిన కళ్లు,
జీడిరసం తిన్న నల్లటి వేళ్లు.
పదహారు పళ్లనీ తిప్పి తిప్పి చూసింది.
"ఇది మాడిపోనాది.
ఇది సెమ్మ తగిల్నాది.
ఇదేటి బావూ, సున్నం కొట్టినట్టు? ఎవులు నమ్ముతారు?
ఇదుగో, ఇది గుండు పప్పు. ఇదెయ్యి."

ఇన్నేళ్లలో నాకు రంగు చెప్పినవాళ్లు లేరు,
అందరూ తెల్లగా ఉండాలనేవాళ్లే.

ఒంటి గంట. కొరుకుడు సరిచూస్తున్నాను.
ఒక పన్ను ఎత్తుగా ఉంది, అరగదీశాను.
పొడి ముక్కులోకి పోయింది, తుమ్మాను.
ఆర్నెల్లు ఒక రాత్రిలోకి ఒదగాలంటే
ఆ రాత్రి ఎవడో ఒకడు మేలుకోవాలి.
అది నాకు కష్టం కాదు, జీతం.

లెక్క తేలనిది ఇంకొకటుంది.
ఆఖరి పన్ను ఊడి పదకొండేళ్లట.
చీటీ ఒకసారి పాడితే కప్పు రేకులకి పోయిందట,
రెండోసారి చీటీలాయనే పోయాడట, రాత్రికి రాత్రి.
మూడో చీటీ ఈ నాలుగు మరలు.
ఆ పదకొండేళ్లలో ఒక్క పూట కూడా
మేం తగ్గించలేదు.

మర్నాడు ఐదుకి బిగించారు.
అద్దం ఇచ్చాం. చూడలేదు.
నాలికతో లోపల్నించి ఒక్కొక్కటీ తడుముకుంది,
ఎడం నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడానికి,
బుట్ట అప్పజెప్పేముందు లెక్క చూసినట్టు.

డాక్టరు గారు గట్టిగా చెప్పారు:
"నాలుగు నెలలు మెత్తటివే తినాలమ్మా. గంజి, ఉప్మా.
ఇవి తాత్కాలికం. అసలువి తర్వాత.
లోపల ఎముక మరని పట్టుకోవాలి.
దానికి తొందర చెప్పలేం."
"అయితే జీడిపప్పు?"
"అస్సలు వద్దు."
దాలమ్మ నవ్వింది.
"ముప్పయ్యేళ్లు సేతిలో ఎట్టుకుని నోట్లో ఎయ్యనేదు బావూ.
నాలుగు నెలలేటి."

కాంప్లెక్సు దాకా నేనే బండి మీద దించాను.
నిన్న వచ్చేటప్పుడు కండక్టరు మూడుసార్లు అడిగాడట ఏ ఊరని,
స పలక్క, గాలి పోయి,
చివరికి వేలితో చూపించిందట టికెట్ల మిషను మీద.

బస్సు కదలబోతోంది.
కిటికీ పక్కన కూర్చుని, కొంగు ఒళ్లో వదిలేసి,
కండక్టరు ఇంకా నాలుగు సీట్ల అవతల ఉండగానే
గట్టిగా అంది:
"కాసిబుగ్గ. ఒకటి."