తక్కువైంది మూడు

సముద్రం కనపడేంత ఎత్తులో,
సముద్రం వినపడనంత ఎత్తులో
వల్పరైసో కొండ మీద
ఆన్సెల్మో కుట్టుమిషన్ల కొట్టు.
గోడకి సూదులు, సైజు ప్రకారం.
కింద రేవులో ఓడ కూత వేస్తే
అద్దాల బీరువాలో బాబిన్లు సన్నగా వణుకుతాయి.

మిషన్ బాగుచేయించుకునే వాళ్ళు తగ్గిపోయారు.
చొక్కా చిరిగితే పారేస్తున్నారు,
కొత్తది కుట్టుకూలి కన్నా చవక.
"కొండ కింద లోకముంది కదా," అన్నాను నేను.
"మీ చేతికి తెలిసింది రాసిపెడదాం. చదవడానికొస్తారు.
వచ్చినవాళ్ళు చూసేలా పక్కన ప్రకటనలు నిలబడతాయి.
నిలబడ్డందుకు డబ్బిస్తాయి."
నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. పదో వంతు నాది.

ఆయన చెప్పాడు, నేను టైపు కొట్టాను.
పై దారం ఎందుకు తెగుతుంది.
కింది దారం ఎందుకు ఉండకడుతుంది.
తుప్పుపట్టిన మరని బతిమాలే పద్ధతి:
మొదట కిరోసిన్, తర్వాత ఓపిక,
ఆఖరికి తిట్లు, అవీ మెల్లగా.
"తిట్లు తీసెయ్యనా?"
"ఉంచు. అవి లేకపోతే ఊడదు."

మొదటి నెల ముగ్గురొచ్చారు.
అందులో ఇద్దరం మేమే.

ఒక వాన రాత్రి, ఎందుకో, లెక్క కదిలింది.
గ్వాయాకిల్ నుంచి ఒకరు, రొసారియో నుంచి ఇద్దరు,
నేను వినని ఊళ్ళ నుంచి నలభై మంది.
ఆన్సెల్మో కళ్ళజోడు తుడుచుకుని
తెర మీది అంకె దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు,
పొయ్యి దగ్గరికి లాక్కున్నట్టు.
"ఇంతమందికి ఒకేసారి తెగిందా దారం?"

వస్తారు. పదకొండు సెకన్లుంటారు.
ఆయన లేచి నిలబడేలోపే పోతారు.
వెయ్యిమంది తొంగిచూస్తే డాలరున్నర.
గుడ్డిగవ్వే, కానీ గవ్వ మీద గవ్వ.
వంద నిండితే గానీ పంపరు.
డెబ్బై.
ఎనభై రెండు.
ఆగస్టులో, మంచు కొండ దిగనని కూర్చున్న వారం,
తొంభై ఏడు.

మంగళవారం ఉత్తరం వచ్చింది, కింద మనిషి పేరు లేదు.
చెల్లని క్లిక్కులు, అంది.
ఖాతా మూసేశాం, అంది.
వివరాలు చెప్పడం కుదరదు, అంది.

నేను ఆయన కేసి చూశాను.
ఆయన తన చూపుడువేలి కేసి చూసుకున్నాడు.
"మీరు గానీ ఆ ప్రకటనలు నొక్కారా?"
"రోజూ. కొట్టు తియ్యగానే.
బూట్లవాణ్ణి, పళ్ళ డాక్టర్ని,
అప్పులిచ్చే ఆ అమ్మాయిని, పాపం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది.
నా గోడకి ఆనుకుని నిలబడి అద్దె కడుతున్నారు కదా.
పలకరించకుండా పని మొదలుపెడితే ఏం బాగుంటుంది?"

డబ్బు నొక్కేసినవాళ్ళని చూశాను గానీ
నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి అప్పుడే చూడటం.
కోపమొచ్చింది.
తొమ్మిది డాలర్ల డెబ్బై సెంట్ల కోపం, సరిగ్గా.
మర్యాద చేస్తే దొంగతనమని
ఈయనకి నేను చెప్పి ఉండాల్సింది.
చెప్పాల్సి వస్తుందని నాకు మాత్రం తెలుసా?

సంజాయిషీ రాయించాడు, తన మాటల్లోనే:
"అయ్యా, ఆ క్లిక్కులు నావే.
ఆ బూట్లు నేను కొన్నాను కూడా.
ఎడమది కరుస్తోంది, అయినా తొడుక్కుంటున్నాను."
జవాబు నాలుగు సెకన్లలో వచ్చింది.
మా పేజీ చదివేవాళ్ళే పదకొండు తీసుకుంటారు.

ఇప్పుడు ఆ రాతల పక్కన ఖాళీ గోడలు.
జనం వస్తూనే ఉన్నారు,
ఎక్కడెక్కడో దారాలు తెగుతూనే ఉన్నాయి.
నిన్న రాత్రి నేను షట్టర్ దించుతుంటే
బొత్తాల డబ్బాలోంచి చిల్లర ఏరుతూ
వెనక నుంచి అడిగాడు:
"మియరాయ్, తక్కువైంది మూడేగా.
అవి నేనే ఇచ్చేస్తే?"