అరవై దాటితే అరుపు

అరవై దాటగానే అరిచేది.
యాభైలో గొణుగుడు, డెబ్భైలో ఏడుపు.
యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే
ఏమీ ఎరగనట్టు ఊరుకునేది.

గేర్‌బాక్సా, వెనక ఇరుసా అని
మూడు నెలలు చెవి ఒగ్గి విన్నాను.
చియాతూరా లోయలో శబ్దాన్ని నమ్మడానికి లేదు,
ఈ కొండ అన్నది ఆ కొండ మార్చి చెబుతుంది.
అందుకని రెండూ దించుతున్నాను.

అక్టోబరు. శనివారం. మేడల వెనక రేకుల షెడ్డు.
గొయ్యి లేదు. రెండు దుంగలు, రెండు స్టాండ్లు,
వాటి మీద ఎనభై నాలుగు నాటి జిగులీ,
దాని పొట్ట కింద వెల్లకిలా నేను, సియాలా,
ఇరవై ఆరేళ్ళు రోప్‌వే పెట్టెను లోయ దాటించినదాన్ని.
ఎత్తుకి భయపడను, ఇనుముకి భయపడను,
భయమల్లా నడుముతోనే.

లైటు పట్టుకున్నది అవ్‌తాందిల్.
మా పై అంతస్తు. వడ్రంగి.
ఈ బండి నాకు అమ్మినవాడు.
"అప్పుడు వెన్నలా పోయేది" అంటాడు,
నేనేమీ అడక్కుండానే.

బ్యాటరీ తీగ పీకి, నూనె వంపి,
పొడుగు షాఫ్టు అతుకు మీద సుద్దతో గీత గీశాను.
ఎలా విడిపోయాయో అలాగే కలవాలి, లేదంటే వణుకు.
క్లచ్ గూడు బోల్టులు నాలుగు. మూడు వచ్చాయి.
పైనున్న నాలుగోది కంటికి ఆనదు, వేళ్ళతోనే చూడాలి,
మణికట్టుని దేవుడు చెయ్యని వంపులు తిప్పి.
నాకొచ్చిన బూతులన్నీ అయిపోయాక కదిలింది.
గేర్‌బాక్స్ జాకీ మీదికి దిగలేదు,
నా మీదికి దిగింది.
కాసేపలాగే ఉండిపోయాం ఇద్దరం.

మూత తీసి పళ్ళు చూశాను. ఒక్కటీ చెడలేదు.
అన్యాయంగా అనుమానించానని
గుడ్డతో ఇంకోసారి తుడిచి పక్కన పెట్టాను.

ఇక ఇరుసు.
డ్రమ్ములు ఊడగొట్టి, రెండు పక్కలా సగం షాఫ్టులు లాగేసి,
డిఫరెన్షియల్ చుట్టూ ఎనిమిది బోల్టులు.
అవి ఊడినా అది ఊడలేదు.
కాగితమంత గాస్కెట్, నలభై ఏళ్ళ పట్టు.
చెక్క ఆనించి చుట్టూ తడుతూ తడుతూ ఉంటే
ముద్దుపెట్టినట్టు చప్పుడు చేసి వదిలేసింది.

నూనె రాలేదు.
సంగటి వచ్చింది.
నల్లగా, ముద్దగా, పళ్ళెంలోకి జారి కూర్చుంది.
రెండు వేళ్ళతో తీసి నలిపాను.
పీచు.
ఇంకాస్త నలిపాను.
రంపప్పొట్టు.

అరిగిన పళ్ళ నోరు మూయించే పాత మందు.
ఏడాది పనిచేస్తుంది, రెండేళ్ళు పనిచేస్తుంది,
బండి చేతులు మారేదాకా పనిచేస్తే చాలు.

లైటు వణికింది.
ఇక్కణ్ణుంచి నాకు కనిపించేవి అతని బూట్లే.
ఎడమదాని కుట్లలో లేత పసుపు పొట్టు,
ఇవాళ పొద్దుటిది.

"ఏ చెట్టుది?" అన్నాను.

గోడ అవతల ఎవరో కార్పెట్ దులుపుతున్నారు.
పదిహేడు దెబ్బలు లెక్కపెట్టాక,
"అక్రోటు" అన్నాడు.
"మంచిదే వేశాను."

వెల్లకిలా పడుకుని నవ్వకూడదు,
నూనె నోట్లోకొస్తుంది.
నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను?
అతని చెల్లెలికి అమ్మిన కుట్టు మిషను
మూడోనాటికి దారం తెంపుతుందని తెలిసే
రంగేసి, కొత్త బెల్టు వేసి ఇచ్చాను.
ఆ మాట చెప్పేదాన్నే.
ఇవాళ కాదు. ఇవాళ పైచేయి నాది,
కింద పడుకున్నా సరే.

పళ్ళెంలో అయస్కాంతం తిప్పితే
దానికి మీసాలు మొలిచాయి.

అతను మోకాళ్ళు రెండూ టపటపమనేలా కూర్చుని
మూడేళ్ళలో మొదటిసారి కిందికి వంగి చూశాడు.
"జెస్తాఫోనిలో ఒకడున్నాడు" అన్నాడు,
"పాత డిఫరెన్షియళ్ళు అమ్ముతాడు."

"నమ్మకస్తుడేనా?"

అవ్‌తాందిల్ లైటుని
రెండు చేతులతో పట్టుకున్నాడు.