పళ్ళతో విన్నది

నవంబరులో షెచిన్ పొగమంచు
గరాజు తలుపు కింది సందులోంచి పిల్లిలా దూరుతుంది.
మూడు వారాలుగా నా యునాక్ దగ్గుతోంది.
కాదు, దగ్గు కాదు,
రేకు డబ్బాలో ఎండు బఠానీలు పోసి
ఎవరో పగబట్టి ఊపుతున్నట్టు.

కోళ్ళగూట్లో పడున్న బండి.
పాత కుట్టుమిషనూ, రెండు బస్తాల బంగాళాదుంపలూ ఇచ్చి తెచ్చుకున్నాను.
అరవై రెండులో ఈ ఊళ్ళోనే పుట్టింది,
నాకంటే పదకొండేళ్ళు పెద్ద.
ఆ మర్యాద కొద్దీ ఓపిక పట్టాను.

టాపెట్లు బిగించాను. లాభం లేదు.
చైను వదులు తీశాను.
చిక్కటి ఆయిలు పోస్తే
పూటంతా మొహమాటపడి, మర్నాడు రెట్టింపు అరిచింది.
పై వాటాలో పాన్ ఎదువార్ద్
చీపురు కర్రతో నేలని పొడవడం మొదలుపెట్టాడు.

"బ్రోన్యా దగ్గరికి తోసుకెళ్ళు" అన్నారు ఓడల యార్డు వాళ్ళు.

బ్రోన్యాకి వినపడదు.
ఇరవయ్యారేళ్ళు ఓడల కడుపుల్లో కూచుని
గాలిసుత్తితో తుప్పు రాలగొట్టింది.
తుప్పుతో పాటే చెవులూ రాలిపోయాయి.
చెవిటివాడి ముందు శంఖమే అనుకున్నాను,
దారి పొడుగునా,
ట్రాము పట్టాల మీద బండి తోస్తూ.

పలకరింపు లేదు. స్టార్ట్ చెయ్యమని బొటనవేలు ఊపింది.
గోడకున్న పొడుగాటి స్క్రూడ్రైవర్ అందుకుంది,
చెక్క పిడి నిండా పంటిగాట్లు.
మొనని ఇంజనుకి ఆనించి
పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి
కళ్ళు మూసుకుంది.

పైన రాకర్ల మూత: తల అడ్డంగా ఊపింది.
చైను పెట్టె: ఊహూఁ.
టైమింగ్ మూత దగ్గర కాసేపు తటపటాయించి,
సిలిండరు నడుము దగ్గర ఆగిపోయింది.
నా చెయ్యి పట్టుకుని ఇగ్నిషన్ లివరుని వెనక్కి లాగించింది.
మోత సగానికి పడింది.
ఆమె కళ్ళు తెరిచింది.

సుద్దముక్కతో నేల మీద ఒక సున్నా గీసి
అందులో ఇంకో సున్నా.
పిస్టన్ పిన్ను. దాని బుష్.

ఇక విప్పడమే.
బిగుసుకున్న నట్టు కిరోసిన్ తాగి తాగి
రెండో రోజుకి దిగొచ్చింది.
వేలి మీద ఉంగరంలా తిరగాల్సిన బుష్
ఓ పక్క అరిగి అరిగి
గోటి అంచంత నెలవంక.
ఇంతేనా! ఇంత సందులోంచా
ఇంత గోల!

కొత్తది లేత్ మీద తనే కడిగింది,
ప్రొపెల్లర్ తొడుగులో మిగిలిన కంచు ముక్కతో.
"నీళ్ళు చూడని ఓడది," అంది,
గది అదిరేంత గట్టిగా, తన గొంతు తనకి తెలీక.
"ఆర్డరు రద్దయింది. నేను దాచుకున్నాను."
బంగారు చుట్టలు ఆమె బూట్ల మీద రాలాయి.

నాలుగో సాయంత్రం కిక్ కొట్టాను.
డుబ్, డుబ్, డుబ్. అంతే.
బఠానీలు లేవు, పగా లేదు.
నేను చేతులు పైకెత్తి గెంతాను.
ఆమె మళ్ళీ పిడి కొరికి మొహం చిట్లించింది.
ఇంజను ఆపించి, చల్లారేదాకా ఓ సిగరెట్టు కాల్చి,
నేను అంత కష్టపడి బిగించిన టాపెట్లని
కాగితం పట్టేంత వదులు చేసింది.

"చప్పుడు చెయ్యని వాల్వు కాలిపోతుంది.
కొంచెం మాట్లాడనియ్."

ఇప్పుడు టిక్, టిక్, టిక్,
పక్కగదిలో ఎవరో స్వెటరు అల్లుతున్నట్టు.

డబ్బు సగమే తీసుకుంది. స్క్రూడ్రైవర్ నా నోటికి అందించింది.
కిరోసిన్ రుచి, ఆమె పొగాకు రుచి,
తర్వాత పుర్రె లోపలే ఇంజను,
ఊరంత పెద్దది,
అందులో ప్రతి ముక్కా తన పేరు తను చెప్పుకుంటూ.
నడిమధ్య ఇంకేదో సన్నటి లటలట.
కంగారుగా చూపుడువేలు ఎత్తాను, ఇదేమిటని.

ఆమె నా దవడ పట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూసి,
నవ్వింది.
కింది వరసలో, ఎడం పక్క,
కదిలే పన్ను.
అది బండిది కాదు.